పాల లెక్క క్లౌడ్‌కి ఎక్కించిన నాలుగు రాత్రులు

మా బాబాయ్ తెనాలి దగ్గర మా ఊళ్ళో పాల కేంద్రం నడుపుతాడు. పొద్దున ఐదింటికి ఒక పూట, సాయంత్రం ఐదింటికి ఇంకో పూట. అరవై మంది దాకా పాలు పోస్తారు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ ఎంత వచ్చింది, దాని మీద రేటెంత, అన్నీ పొడవాటి పుస్తకంలో రాస్తాడు. పదిహేను రోజులకోసారి రాత్రంతా కూర్చుని కూడికలు వేసి, పొద్దున్నే డబ్బులు పంచుతాడు. ఒక్క అంకె తప్పు పడితే ఎవరో ఒకరి కష్టం పోతుంది. అందుకే ఆ రాత్రి ఆయనకు నిద్ర ఉండదు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆయన పడే అవస్థ చూసి, పైథాన్ భాషలో వెబ్ యాప్‌లు రాయడానికి వాడే జాంగోతో చిన్న యాప్ రాశాను. ఫోన్‌లో పేరు నొక్కి లీటర్లు, ఫ్యాట్ కొడితే చాలు, పక్షం చివర లెక్క అదే వస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. దాన్ని క్లౌడ్‌కి, అంటే ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్లకి, ఎక్కించడం మాత్రం నాలుగు రాత్రులు పట్టింది. అదంతా డేటాబేస్ కనెక్షన్ సెట్టింగుల దగ్గరే. ఏ దశలో ఏ ఎర్రర్ వచ్చిందో, అది నిజానికి ఏం చెబుతోందో నాకు గుర్తున్నంతలో రాస్తున్నాను. ఇదే దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక రాత్రయినా మిగులుతుందని నా ఆశ.

అసలు మొదటి దెబ్బ ఎర్రర్ రూపంలో రాలేదు. జాంగో కొత్త ప్రాజెక్టు మొదలుపెడితే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌తో వస్తుంది. డేటా మొత్తం యాప్ పక్కనే ఒక ఫైల్‌లో ఉంటుంది. దాన్ని అలాగే ఎక్కించాను. పని చేసింది. బాబాయ్ రెండు రోజులు, అంటే నాలుగు పూటల పాలు అందులో ఎక్కించాడు. మూడో రోజు నేను ఒక బటన్ రంగు మార్చి మళ్ళీ డిప్లాయ్ చేశాను, అంటే కొత్త కోడ్‌ని క్లౌడ్‌కి ఎక్కించాను. అరగంటలో ఫోన్. "అమ్మాయ్, పేర్లే కనబడటం లేదు, ఒక్కరూ లేరు."

నేను వాడిన హోస్టింగ్‌లో ప్రతి డిప్లాయ్‌కీ యాప్ కొత్త కంటైనర్‌లో, అంటే దానికోసమే కట్టిన విడి పెట్టెలాంటి చోట, లేస్తుంది. పాతది పారేస్తారు, దాంతోపాటు దాని డిస్కు మీద రాసినవీ పోతాయి. విడిగా డిస్కు తీసుకుంటే తప్ప ఏదీ మిగలదు. ఆ రోజు బాబాయ్ అలవాటుగా పుస్తకంలో కూడా రాసి ఉండబట్టి లెక్క దక్కింది. నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. నలుగురి డబ్బు లెక్కను ఎంత తేలిగ్గా తీసుకున్నానో అప్పుడు తెలిసింది. ఆ రాత్రే విడి సర్వర్‌గా నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మారాలని నిర్ణయించుకున్నాను.

ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టుకుని, సెట్టింగ్స్ ఫైల్‌లో హోస్ట్ లోకల్‌హోస్ట్, పోర్ట్ 5432 అని రాసుకున్నాను. అక్కడ నడిచింది. క్లౌడ్‌లో కూడా ఒక పోస్ట్‌గ్రెస్ తీసుకుని, యాప్ ఎక్కించాను. యాప్ తన సంగతులు రాసుకునే లాగ్‌లో ఎర్ర అక్షరాలు: లోకల్‌హోస్ట్, 127.0.0.1, పోర్ట్ 5432, కనెక్షన్ రిఫ్యూజ్డ్.

కారణం ఇప్పుడు చెబితే చాలా చిన్నది. లోకల్‌హోస్ట్ అంటే "నేనున్న యంత్రమే". నా ల్యాప్‌టాప్‌లో యాప్, డేటాబేస్ ఒకే ఇంట్లో ఉన్నాయి. క్లౌడ్‌లో యాప్ ఒక కంటైనర్‌లో ఉంటే డేటాబేస్ వేరే యంత్రంలో ఉంది. యాప్ తన ఇంట్లోనే 5432వ తలుపు తట్టింది, అక్కడ ఎవరూ లేరు. రిఫ్యూజ్డ్ అంటే అదే: యంత్రం దొరికింది, ఆ తలుపు దగ్గర పలికేవాళ్ళు లేరు. దీని వెనక ఇంకొకటుంది. నా కోడ్‌లో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కోడ్‌లో రాయకుండా బయటి నుంచి ఇచ్చే సెట్టింగ్) దొరక్కపోతే లోకల్‌హోస్ట్ వాడుకో అని రాసిపెట్టాను. మంచి ఏర్పాటే అనుకున్నాను. నిజానికి ఇది ప్రమాదం. వేరియబుల్ పేరులో ఒక్క అక్షరం తప్పినా యాప్ నోరు మెదపకుండా తప్పుడు చోటికి వెళ్తుంది. ఆ తర్వాత ఆ డిఫాల్ట్ తీసేశాను. వేరియబుల్ లేకపోతే యాప్ మొదట్లోనే ఆగిపోవాలి, ఏది లేదో చెప్పి ఆగాలి.

ఆ రాత్రి పదకొండు దాటింది. తొందరలో క్లౌడ్ డేటాబేస్ అడ్రసు, పాస్‌వర్డ్ నేరుగా సెట్టింగ్స్ ఫైల్‌లోనే అతికించి, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లోకి తోసేశాను. తోసిన మరుక్షణం గుండె ఝల్లుమంది. ఆ రిపాజిటరీ, అంటే కోడ్ దాచిన చోటు, పబ్లిక్. తర్వాతి కమిట్‌లో (గిట్‌లో దాచే ఒక్కో మార్పు కమిట్) ఆ లైన్ తీసేసినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది, చరిత్ర తిరగేస్తే ఎవరికైనా కనబడుతుంది. అందుకని లైన్ తుడిచే పని పక్కనపెట్టి ముందు పాస్‌వర్డే మార్చాను. అరవై మంది పేర్లు, వాళ్ళ బ్యాంకు ఖాతా నంబర్లు అందులోకి ఎక్కాల్సి ఉంది. ఇక్కడ రాజీ పడకూడదు.

కొత్త పాస్‌వర్డ్‌ని ఫోన్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్‌తో పుట్టించాను. పదహారు అక్షరాలు, మధ్యలో ఒక హ్యాష్ గుర్తు (#), ఒక స్లాష్ (/). యూజర్ పేరు, పాస్‌వర్డ్, హోస్ట్, పోర్ట్, డేటాబేస్ పేరు అన్నీ కలిపి ఒకే పొడవాటి యూఆర్ఎల్‌గా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టాను. సెట్టింగ్స్‌లో పైథాన్‌లోని యూఆర్ఎల్‌పార్స్ అనే ఫంక్షన్‌తో దాన్ని ముక్కలు చేసుకున్నాను. డిప్లాయ్ చేస్తే ఈసారి యాప్ లేవనే లేదు. పోర్ట్‌ని అంకెగా మార్చలేకపోతున్నాను అని ఎర్రర్, దాని చివర కోట్స్‌లో నాలుగు అక్షరాలు. నేను పోర్ట్‌గా పెట్టింది 5432. ఈ నాలుగు అక్షరాలు ఎక్కడివి?

ఐదు నిమిషాలు అలా చూస్తూ ఉంటే వెలిగింది. అవి నా పాస్‌వర్డ్‌లోని మొదటి నాలుగు అక్షరాలు. యూఆర్ఎల్‌లో హ్యాష్ వస్తే అడ్రసు భాగం అక్కడితో అయిపోయినట్టే లెక్క. కాబట్టి యూఆర్ఎల్‌పార్స్ హ్యాష్ దగ్గర కోసేసింది. మిగిలిన ముక్కలో యూజర్ పేరు, కోలన్, నాలుగు అక్షరాలు మాత్రమే ఉన్నాయి. దానికి అది "హోస్ట్, కోలన్, పోర్ట్" లాగా కనబడింది. స్లాష్ ఉన్నా, ప్రశ్నార్థకం ఉన్నా ఇదే జరుగుతుంది. ఇలాంటి గుర్తులను యూఆర్ఎల్‌లో పెట్టాలంటే మార్చి రాయాలి. హ్యాష్‌కి %23, స్లాష్‌కి %2F, ఎట్ గుర్తుకి %40.

మార్చాను. ఆ ఎర్రర్ పోయింది, ఇంకోటి వచ్చింది. అప్పటికి రాత్రి ఒంటిగంట. మా ఆఫీసులో ఒక సీనియర్ అన్న ఎప్పుడూ అనే మాట గుర్తొచ్చింది: "ఎర్రర్ మారిందంటే బండి కదిలినట్టేనమ్మా, అదే ఎర్రర్ మళ్ళీ వస్తే భయపడు." ఆ మాట పట్టుకునే పడుకున్నాను.

రెండో రాత్రి మొత్తం ఆ కొత్త ఎర్రర్‌తోనే గడిచింది. పేజీ తెరిస్తే అరనిమిషం తిరిగి తిరిగి ఆగిపోతోంది. లాగ్‌లో డేటాబేస్ అన్న మాటే లేదు. గునికార్న్ వర్కర్ టైమవుట్ అని మాత్రం ఉంది. గునికార్న్ అంటే క్లౌడ్‌లో జాంగో యాప్‌ని నడిపే సర్వర్, రిక్వెస్టులకు జవాబిచ్చే దాని ప్రాసెస్‌లే వర్కర్లు. దాన్ని అనుమానించి వర్కర్ల సంఖ్య మార్చాను, మెమరీ చూశాను, రెండు గంటలు పోయాయి. అసలు సంగతేమిటంటే, గునికార్న్ ఒక వర్కర్ ముప్పై సెకన్లు పలక్కపోతే దాన్ని చంపేస్తుంది. డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వడానికి మాత్రం నేను ఏ గడువూ పెట్టలేదు. గడువు లేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ ఓపిక పట్టినంతసేపు, లినక్స్‌లో సుమారు రెండు నిమిషాలు, కనెక్షన్ ప్రయత్నిస్తూనే ఉంటుంది. ముప్పైకి ప్రాణం పోయే వర్కర్ రెండు నిమిషాల తర్వాత వచ్చే కారణాన్ని ఎలా చెబుతుంది? డేటాబేస్ ఆప్షన్లలో కనెక్ట్ టైమవుట్ 5 సెకన్లు అని పెట్టాను. వెంటనే అసలు మాట బయటికొచ్చింది: ఫలానా హోస్ట్, పోర్ట్ 5432, టైమవుట్ ఎక్స్‌పైర్డ్.

ఈ ఒక్క సెట్టింగ్ మొదటి రోజే పెట్టుకోమని అందరికీ చెబుతాను. రిఫ్యూజ్డ్‌కీ టైమవుట్‌కీ తేడా చాలా పెద్దది. రిఫ్యూజ్డ్ అంటే అవతల నుంచి "లేరు" అని జవాబు వచ్చింది. టైమవుట్ అంటే జవాబే రాలేదు, మధ్యలో ఎవరో మన మాటను మింగేశారు. మింగేది చాలాసార్లు ఫైర్‌వాలే, అంటే ఎవర్ని రానివ్వాలో చూసే కాపలా. నా డేటాబేస్ పేజీలో చూస్తే, బయటి నుంచి ఏ ఐపీ అడ్రసులు రావచ్చో రాసే పట్టిక ఒకటుంది. అందులో నా ఇంటి ఇంటర్నెట్ ఐపీ ఒక్కటే ఉంది. అందుకే ల్యాప్‌టాప్ నుంచి ఆ డేటాబేస్‌కి కనెక్ట్ అవుతోంది, క్లౌడ్ యాప్ నుంచి కావడం లేదు.

ఇక్కడ ఒక సులువైన దారి కనబడింది. ఆ పట్టికలో 0.0.0.0/0 అని పెడితే ప్రపంచంలో ఎవరైనా తలుపు దాకా రావచ్చు, నా యాప్ కూడా వస్తుంది. చాలామంది అలాగే చేయమంటారు. వేలు ఎంటర్ మీద పెట్టి ఆగిపోయాను. నా కాపలా పాస్‌వర్డ్ ఒక్కటే అవుతుంది, ఆ పాస్‌వర్డ్‌లో నాలుగు అక్షరాలు అప్పటికే లాగ్‌లో పడి ఉన్నాయి. వద్దనుకున్నాను.

అదే పేజీలో జాగ్రత్తగా చూస్తే డేటాబేస్‌కి రెండు అడ్రసులున్నాయి. ఒకటి బయటిది, ఒకటి లోపలిది. నేను అప్పటిదాకా బయటిది వాడుతున్నాను. అదే హోస్టింగ్‌లో ఉన్న యాప్ లోపలి అడ్రసుతో వెళ్తే బయటి ఇంటర్నెట్ మీదికి రానక్కర్లేదు, ఆ ఐపీ పట్టికతో పనే లేదు. సంతోషంగా మార్చాను. కొత్త ఎర్రర్: ఈ హోస్ట్ పేరుని అడ్రసుగా మార్చలేకపోతున్నాను, ఇలాంటి పేరు తెలియదు.

ఇది టైమవుట్ కన్నా ఒక మెట్టు వెనక్కి వెళ్ళడమే, ఎందుకంటే ఇప్పుడు ఊరి పేరే తెలియదంటోంది. అక్షరం అక్షరం సరిచూశాను, తప్పు లేదు. చివరికి తేలిందేమిటంటే డేటాబేస్ సింగపూర్ రీజియన్‌లో ఉంది, యాప్ అమెరికాలో ఉంది. యాప్ తీసుకున్న రోజు రీజియన్ అడిగిన చోట ముందే ఎంచి ఉన్నదాన్ని అలా వదిలేశాను. లోపలి పేర్లు ఒకే రీజియన్‌లో ఉన్నవాళ్ళకే తెలుస్తాయి. రీజియన్‌ని తర్వాత మార్చే వీలు లేదు, కాబట్టి పాత యాప్ తీసేసి సింగపూర్‌లో కొత్తగా పెట్టాను. దీనివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. డేటాబేస్‌ని అడిగే ప్రతి చిన్న క్వెరీ పసిఫిక్ దాటి వెళ్ళి రావాల్సిన పని తప్పింది.

మూడో రాత్రి. పేరు తెలిసింది, గేటు దాటింది, తలుపు తెరుచుకుంది. పోస్ట్‌గ్రెస్ స్వయంగా మొదటిసారి పలికింది: ఈ యూజర్‌కి పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్. ఎర్రర్ చూసి ఆనందపడింది అప్పుడే. కానీ పాస్‌వర్డ్ సరైనదే! అదే పాస్‌వర్డ్‌తో ల్యాప్‌టాప్ నుంచి లోపలికి వెళ్తున్నాను. యూజర్ పేరు తప్పైనా పోస్ట్‌గ్రెస్ ఇదే మాట అంటుంది. ఏది తప్పో తెలియనివాడికి చెప్పకూడదని దాని పద్ధతి. అందుకని యూజర్ పేరు కూడా సరిచూశాను. అదీ సరైనదే.

పాస్‌వర్డ్‌ని లాగ్‌లో ప్రింట్ చేసి చూడాలనిపించింది. అది తప్పు పని. దాని బదులు పొడవు మాత్రం ప్రింట్ చేశాను. పదహారు రావాలి. ఇరవై వచ్చింది.

నాలుగు ఎక్కువ. హ్యాష్‌కి బదులు %23, ఒకటికి మూడు, రెండు ఎక్కువ. స్లాష్‌కి బదులు %2F, ఇంకో రెండు. అంటే మార్చి రాసిన గుర్తులు తిరిగి అసలు రూపానికి రాకుండానే పోస్ట్‌గ్రెస్‌కి వెళ్తున్నాయి. పైథాన్ యూఆర్ఎల్‌పార్స్ యూఆర్ఎల్‌ని ముక్కలు చేస్తుందంతే, లోపలి గుర్తులను విప్పదు. అన్‌కోట్ అనే ఇంకో ఫంక్షన్‌తో మనమే విప్పాలి. ఒక్క మాట చేర్చాను. పాస్‌వర్డ్ గొడవ అక్కడితో తీరింది. ఆ తర్వాత, లాగ్‌లో కొంత పడిపోయిన ఆ పాస్‌వర్డ్‌ని కూడా మార్చి, ఈసారి అక్షరాలు, అంకెలు మాత్రమే ఉండే ముప్పై రెండు అక్షరాలది పెట్టాను. పొడవు పెంచితే గుర్తులు లేకపోయినా బలం తగ్గదు, ఈ తిప్పలూ ఉండవు.

తర్వాత పోస్ట్‌గ్రెస్ టేబుళ్ళు లేవంది. కొత్త డేటాబేస్ ఖాళీగా ఉంటుంది కదా, టేబుళ్ళు కట్టే మైగ్రేషన్లు నడపాలి. దాన్ని బిల్డ్ కమాండ్‌లో, అంటే యాప్‌ని సిద్ధం చేసే దశలో, పెడితే మళ్ళీ హోస్ట్ తెలియదంది, ఎందుకంటే నేను వాడిన చోట బిల్డ్ జరిగే యంత్రానికి ఆ లోపలి నెట్‌వర్క్ కనబడదు. యాప్ లేచే ముందు నడిచే కమాండ్‌గా మార్చాను. అయిపోయింది. అరవై పేర్లు తెలుగులోనే ఎక్కించాను, అన్నీ చక్కగా కనబడ్డాయి. మళ్ళీ డిప్లాయ్ చేసి చూశాను. అలాగే ఉన్నాయి. ఇంకోసారి చేశాను. ఉన్నాయి. అర్ధరాత్రి బాబాయ్‌కి ఫోన్ చేయబోయి, ఐదింటికి లేచే మనిషని గుర్తొచ్చి మెసేజ్ పెట్టాను.

పొద్దున ఐదుంబావుకి ఆయనే చేశాడు. "మొదటిసారి కొడితే ఏదో సర్వర్ ఎర్రర్ అంటోంది, రెండోసారి కొడితే తీసుకుంటోంది. మధ్యలో ఇంకో రెండుసార్లు అలాగే అంది." వెనక నుంచి క్యాన్ల చప్పుడు, ఎవరో తొందరపెడుతున్నారు. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. "బాబాయ్, ఈ పూట పుస్తకంలో రాసెయ్, సాయంత్రానికి చూస్తాను" అన్నాను.

లాగ్‌లో: సర్వర్ కనెక్షన్‌ని అనుకోకుండా మూసేసింది. ఇలాంటివి సరిగ్గా మూడు. నా గునికార్న్ వర్కర్లూ మూడే. అక్కడ దారి దొరికింది. వేగంగా ఉంటుందని విని, కనెక్షన్‌ని ఎప్పటికీ మూయకుండా అట్టే పెట్టుకోమని సెట్ చేశాను. జాంగోలో ఆ సెట్టింగ్‌కి నన్ అని ఇస్తే అదే అర్థం. పాల కేంద్రంలో రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పొద్దున ఐదు దాకా ఎవరూ యాప్ ముట్టుకోరు. అంతసేపు ఊరికే ఉన్న కనెక్షన్‌ని మధ్యలో నెట్‌వర్క్ తెంపేసింది. వర్కర్‌కి ఆ సంగతి తెలియదు. పొద్దున మొదటి రిక్వెస్ట్ తెగిన తీగ మీదే పంపుతుంది, దెబ్బ తింటుంది, ఆ తర్వాత కొత్తది తెరుస్తుంది. ముగ్గురు వర్కర్లు, ఒక్కొక్కరికి ఒక్కో దెబ్బ.

కనెక్షన్‌ని అట్టే పెట్టుకునే గడువుని 60 సెకన్లకి తగ్గించాను. జాంగో 4.1 నుంచి కనెక్షన్ హెల్త్ చెక్స్ అనే సెట్టింగ్ ఉంది, అది పెడితే పాత కనెక్షన్ వాడే ముందు బతికుందో లేదో చూసుకుంటుంది. అదీ పెట్టాను. వెబ్‌సైట్లకు రోజంతా ఎవరో ఒకరు వస్తుంటారు కాబట్టి చాలామందికి ఈ సమస్య బయటపడదు. పాలు మాత్రం రెండు పూటలే కదా.

నాలుగో రాత్రి బాబాయ్ పుస్తకం, నా యాప్ పక్కపక్కన పెట్టుకుని వీడియో కాల్‌లో సరిచూశాం. మొత్తం లీటర్లు కలిశాయి. రోజువారీ లెక్క కలవలేదు. ప్రతిరోజూ పొద్దున ముందుగా వచ్చే పదిమంది పాలు ముందురోజు తారీఖులో పడుతున్నాయి. ఏ ఎర్రరూ లేదు, లాగ్‌లో ఒక్క ఎర్ర అక్షరం లేదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది ఇదే. పక్షం మారే రోజున ఇలా జరిగితే ఆ పదిమంది డబ్బు ఇంకో పక్షంలోకి వెళ్ళిపోతుంది.

"వీళ్ళంతా ఐదున్నర లోపు వచ్చేవాళ్ళే అమ్మా" అన్నాడు బాబాయ్, పేర్లు చూసి. ఆ ఐదున్నర వినగానే అర్థమైంది. మన టైమ్ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందు. ఇక్కడ ఉదయం 5:10 అయితే అక్కడ ఇంకా ముందురోజు రాత్రి 11:40. సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ యూటీసీ అని జాంగో ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. తారీఖు కోసం నేను వాడిన పైథాన్ ఫంక్షన్ నా విండోస్ ల్యాప్‌టాప్‌లో మన తారీఖు ఇచ్చింది, క్లౌడ్‌లోని లినక్స్‌లో యూటీసీ తారీఖు ఇచ్చింది. టైమ్ జోన్‌ని ఏషియా కోల్‌కతా అని మార్చి, తారీఖుని జాంగో లోకల్ డేట్ ఫంక్షన్‌తో తీసుకున్నాను. తప్పు తారీఖులో పడిన వరుసలను ముందు బ్యాకప్ తీసుకుని, బాబాయ్ ఒక్కో పేరు చదువుతుంటే ఒక్కొక్కటిగా సరిచేశాను.

ఆ పక్షం చివరిదాకా పుస్తకం ఆపొద్దని నేనే చెప్పాను. పదిహేనో రోజు రాత్రి రెండు లెక్కలూ రూపాయితో సహా కలిశాయి. బాబాయ్ పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, "తొమ్మిదిన్నరే అయింది, పడుకుంటానమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.